మూడు చుక్కల మిషన్

"ఈ మిషన్ ఉంటే అరవైమంది అక్కర్లేదు మేడమ్. పదిహేనుమంది చాలు," అన్నాడు ఉమాశంకర్, శుభవార్త చెబుతున్నవాడిలా.

ఎదురుగా కూర్చున్న అనూరాధ నవ్వలేదు. "మిగతా నలభై అయిదుమందికీ ఆ మాట మీరే చెప్పండి. షెడ్‌లోనే ఉన్నారు."

పలాసలోని ఆ జీడిపప్పు ఫ్యాక్టరీకి పొట్టు తీసే మిషన్ బిగించడానికి విజయనగరం నుంచి వచ్చిన ఇంజనీరు ఉమాశంకర్. సాయంత్రం రైలెక్కేద్దామనుకున్నాడు. ఓనరమ్మ ఇంత అందంగా ఉంటుందనీ, ఇంత పెడసరంగా మాట్లాడుతుందనీ కంపెనీవాళ్ళు చెప్పలేదు మరి!

"మిషన్ వద్దనడం లేదు. ఇంకో అయిదేళ్ళకి ఇది లేని ఫ్యాక్టరీ మిగలదు," అందామె. "కానీ మొదటి మిషన్ మనుషుల్ని గెంటేస్తే, రెండో మిషన్‌ని ఎవరు గేటు దాటనిస్తారు? దీన్ని తిప్పేదీ వీళ్ళే, దీనివల్ల పెరిగే పప్పు ఏరి ప్యాక్ చేసేదీ వీళ్ళే. దేముడమ్మ సొంతంగా నడిపిన రోజు, మిషన్ బాగా పనిచేస్తోందని మీ కాగితం మీద సంతకం పెడతాను. అంతవరకూ మీరిక్కడే."

దేముడమ్మ ముప్పయ్యేళ్ళుగా అక్కడ పొట్టు తీస్తున్న మనిషి. అక్షరం ముక్క రాదు.

అనూరాధ తండ్రి జగన్నాధం గారు ఫ్యాక్టరీని కూతురికి అప్పగించారే గాని పట్టు వదల్లేదు. "నెల్లాళ్ళు సూస్తాను. మనోళ్ళకి రాకపోతే బయటోళ్ళని తెస్తాను. ఆపైన నా మాటే," అని తేల్చేశారు.

మిషన్ మీద ఎనిమిది నల్ల బటన్లు, పక్కన ఇంగ్లీషు అక్షరాలు. రోజూ నొక్కాల్సినవి మూడే అయినా, చెప్పి చెప్పి మొదటి వారానికే ఉమాశంకర్ గొంతు పోయింది. ఆడవాళ్ళు మాత్రం శుక్రవారం రాగానే మిషన్‌కి పసుపూ కుంకుమా పెట్టి దణ్ణం పెట్టుకునేవారు.

మధ్యాహ్నం అందరూ షెడ్‌లోనే తినేవారు. ఓనరమ్మకి వేరే బల్ల లేదు. వాన రేకుల మీద దబదబా పడుతుంటే మాట వినిపించక అనూరాధ కాస్త దగ్గరికి జరిగేది. వాన ఆగకూడదని ఉమాశంకర్ గట్టిగా కోరుకునేవాడు.

"ఏటి బాబూ, మిషన్ని సూడమంటే అమ్మాయిగారిని సూస్తన్నారు?" అంది దేముడమ్మ ఓరోజు.

షెడ్డంతా గొల్లున నవ్వింది. "పని చూడండి!" అని కసిరింది అనూరాధ. ఆమె చెవులు ఎర్రబడటం ఉమాశంకర్ చూడనే చూశాడు.

గడువు రోజు అతను పెందలాడే వచ్చి, మిషన్ని అద్దంలా తుడిచిపెట్టాడు. జగన్నాధం గారు వచ్చి కుర్చీ వేయించుకున్నారు. దేముడమ్మ చెయ్యెత్తి, అలాగే ఆగిపోయింది.

"సుక్కలేవి బాబూ?"

"ఏం చుక్కలు?"

"పసుపు సుక్క నొక్కితే తిరుగుతాది. కుంకం సుక్కకి గాలొస్తాది. సున్నం సుక్కకి ఆగిపోతాది. ఎవులు తుడిసేసినారు?"

ఉమాశంకర్ తన చేతిలోని తుడుపుగుడ్డ వంక చూశాడు.

"అయిపోనాదా అమ్మా?" అన్నారు జగన్నాధం గారు లేవబోతూ.

"తప్పు నాది సార్," అన్నాడు ఉమాశంకర్ గబగబా. "పూజ బొట్లనుకుని నేనే తుడిచేశాను. నెల్లాళ్ళు పాఠం చెప్పాను గాని, వాళ్ళెలా నేర్చుకున్నారో చూసుకోలేదు. ఒక్క అవకాశం ఇవ్వండి."

ఏ బటన్ ఏదో అతను చూపించాడు, దేముడమ్మ చుక్కలు పెట్టుకుంది. ఆమె సొంతంగా నడపాలని అతను గుమ్మం బయటికెళ్ళి నిలబడ్డాడు. మిషన్ తిరిగింది. తెల్లటి పప్పు జలజలా రాలింది.

జగన్నాధం గారు గుప్పెడు పప్పు తీసి వెలుతురులో చూశారు. ఒక్కటీ ముక్క కాలేదు. "నీ ఫ్యాక్టరీ నువ్వే సూసుకో అమ్మా. నేనింక మాటాడను," అని కూతురి తల నిమిరి వెళ్ళిపోయారు.

అనూరాధ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. ఉమాశంకర్ కదల్లేదు.

"రైలుకి టైమవలేదా?"

"అయింది. కానీ మీరంటే నాకు ఇష్టం. అది చెప్పకుండా రైలెక్కలేను."

ఆమె తలొంచుకుంది. "నాకూ ఇష్టమే," అంది మెల్లగా. వెంటనే తలెత్తింది. "ఆదివారం మీ ఇంటికొస్తాను. అడ్రసు రాయండి."

"మీరు రావడమేంటండీ? మావాళ్ళు కదా రావాలి!"

"ఇంట్లో పెద్దవాళ్ళని నేనే వెళ్ళి అడక్కుండా, పనిలోకైనా ఇంట్లోకైనా మనుషుల్ని తీసుకునే అలవాటు నాకు లేదు," అంటూ పెన్ను అతని ముందుకు తోసింది.

ఆ సంతోషంలో ఉమాశంకర్, తను పుట్టి పెరిగిన ఇంటి పిన్‌కోడ్‌ని రెండుసార్లు తప్పు రాశాడు.