నాలుగు వందల పన్నెండు పొరలు

"జనార్దనరావు గారిని చంపేశారండీ," అంది సత్యవతి.

2007 మే నెల. ఏలూరులో తివాచీల కొట్టు మీది గది. ఆవిడ సీక్రెట్ సర్వీస్ చీఫ్, ఎదురుగా ఉన్నది ఏజెంట్ జాకబ్. చనిపోయినాయన జాకబ్‌కి కాలేజీలో ఫిజిక్స్ చెప్పిన మాస్టారు.

"సబ్‌మెరైన్‌ని చప్పుడు లేకుండా నడిపే ఫ్యూయల్ సెల్ చేశారాయన. దాని ఎలక్ట్రోడ్ ముక్కని అయాన్ బీమ్‌తో పొర పొరగా చెక్కుతూ, పొరకో మైక్రోస్కోప్ ఫోటో తీశారు. నాలుగు వందల పన్నెండు. వరసగా పేరిస్తే లోపలి సందులన్నీ త్రీడీలో కనిపిస్తాయి. కిటుకంతా ఆ సందుల్లోనే ఉంది."

"ఆ ముక్క ఎక్కడుందండీ?"

"చెక్కడంలోనే పోయింది. తయారీ పద్ధతి ఆయన బుర్రలో ఉండేది. ఇక మిగిలింది ఫోటోల హార్డ్ డిస్క్ ఒక్కటే. ల్యాబ్ అసిస్టెంట్ రమ్య దాన్ని పట్టుకుపోయింది. నాలుగింటికి కైకలూరులో విదేశీ ముఠాకి ఇస్తుంది. తీసుకురండి. ఈ వాచీ పెట్టుకోండి, ఏ హార్డ్ డిస్క్ దగ్గరికొచ్చినా వణుకుతుంది."

మూడున్నరకల్లా జాకబ్ కైకలూరు ఐసు ఫ్యాక్టరీ ముందు లుంగీతో, తలకి తువ్వాలుతో నిలబడ్డాడు. ముఠా కొరియర్ అప్పటికే లాకప్‌లో ఉన్నాడు. ఆ వేషమే ఇది. పక్కన చేపల లారీ. దాని డ్రైవర్ కనకరాజు ముఠా మనిషే.

రమ్య వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, భుజాన బ్యాగు.

"ఐసు ఎన్ని పొరలండీ?" అని గుర్తుమాట అడిగింది.

"నాలుగు వందల పన్నెండు."

ప్యాకెట్ చేతిలో పెట్టింది. వాచీ వణికింది. జాకబ్ దాన్ని నడుముకి దోపుకున్నాడు. ఆమె వెనుదిరిగింది. బ్యాగు అతని చేతిని రాసుకుంది. వాచీ మళ్ళీ వణికింది.

ఓసి నీ తెలివీ, ఇంకొకళ్ళకి అమ్మడానికి కాపీ దాచిందన్నమాట అనుకున్నాడు జాకబ్. బ్యాగు లాక్కున్నాడు.

"వద్దండీ," వణికే వాచీని గుర్తుపట్టి రమ్య గొంతు తగ్గించింది. "అదే అసలుది. నేను మన మనిషినండీ. మీకిచ్చింది పాడైపోయిన పాత ముక్క ఫోటోలు."

ప్రాణం మీదికొచ్చినా అండీ వదలలేదు. ఇంత మర్యాదగా అబద్ధమాడేవాళ్ళని జాకబ్ చాలామందిని చూశాడు.

పెనుగులాట చూసి కనకరాజు పిస్టల్‌తో లారీలోంచి దూకాడు. బ్యాగు పట్టి గుంజాడు. ఇంకో క్షణం ఆగితే వాడి చేతికి పోయేదే. అసలుది నడుముకే ఉంది కదా, కాపీ పోతే పోనీ అనుకుని జాకబ్ బ్యాగుని ఒక్క తాపు తన్నాడు. బ్యాగు ఐసు దిమ్మలు నలగ్గొట్టే మిషన్లో పడింది. కరకరమంది. ఈలోపు పోలీసులు వచ్చిపడ్డారు.

సాయంత్రం ఏలూరులో కంప్యూటర్ జాకబ్ తెచ్చిన డిస్క్‌లోని పొరలన్నీ పేర్చింది. ఒక్క సందు లేదు, అన్నీ పూడిపోయి ఉన్నాయి. రమ్య చెప్పిన పాడైపోయిన ముక్కే.

"రమ్య ఢిల్లీ ఆఫీసు మనిషటండీ," అంది సత్యవతి. "ఫ్యాక్స్ ఇప్పుడే వచ్చింది. రహస్యమని మనకి చెప్పలేదట."

జాకబ్ వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. మాస్టారిని వాళ్ళొకసారి చంపితే, తనింకోసారి చంపాడు.

"ఆపరేషన్ సక్సెస్ అని రాస్తున్నాను. డిస్క్ శత్రువులకి చిక్కలేదు కదా," అంది సత్యవతి.

"ఇంకెవరికీ చిక్కదని కూడా రాయండి," అన్నాడు జాకబ్.

"ఎవరికీ అంటే?"

"మనక్కూడానండీ."