ఏటికిచ్చిన మాట

ఇటు రండి, ఇటు. ఆ చివర నుంచున్నవాళ్ళు కూడా కాస్త దగ్గరికి జరగండి. పంటు ఇంకా అవతలి రేవులోనే ఉంది. అది వచ్చేలోగా నోళ్ళకి సెలవిచ్చి చెవులని పనిలో పెట్టండి. చెవిపూసలున్నవాళ్ళు తీసి జేబులో వేసుకోండి, ఇది తెలుగులో చెప్పే కథే, మధ్యలో దుబాసీ అక్కర్లేదు. ఏమ్మా, ఆ కబుర్లు కథయ్యాక చెప్పుకోవచ్చు, ఎక్కడికీ పోవు. అయిందా? సరే.

కోనసీమలో పడవలు నీటిని తాకకుండా జానెడెత్తున గాల్లో పోతున్న రోజులవి. కొబ్బరికాయలు దింపే మరమనిషి మధ్యాహ్నం పూట చెట్టు మీదే కునుకు తీసేవాడు, వాణ్ణి లేపితే నేరం. మామ్మలకి లాస్య, హన్షిక అని పేర్లుండేవి. వాళ్ళ మనవరాళ్ళకేమో మళ్ళీ బుల్లెమ్మ, సుబ్బులు అని పెట్టుకునేవారు. ఆ కాలంలో గోదావరి పాయల మధ్య ఉన్న ఒక లంకని లంకంతా జనం వచ్చి చూసిపోయే మాయారాజ్యంగా కట్టేశారు. దాని పేరు ఓలిమ. అక్కడ కోటగోడలు మనిషిని పేరు పెట్టి పలకరించేవి. తామరకొలను ఆకాశంలో తేలేది. నీటిగుర్రాలు రేవు దాకా ఎదురొచ్చి తోక ఊపేవి. కానీ ఇవన్నీ ఒకెత్తు, అక్కడి భాష ఒకెత్తు.

ఆ భాష పేరు కూడా ఓలిమే. దాన్ని ఒక్క మనిషి కూర్చుని పుట్టించాడు. ఎంత బుర్రో చూడండి. పోటెక్కేటప్పుడు ఏటి నీళ్ళు మారే రంగుకి ఒక మాట. చాన్నాళ్ళకి కనిపించిన మనిషిని చూసి, నవ్వబోయి ఆపుకున్న నవ్వుకి ఇంకో మాట. కోపం వచ్చి అరుద్దామన్నా ఆ అక్షరాలు నోట్లో వెన్నలా జారిపోయేవి. రాణులు మాట్లాడుకోవడానికి, వీరులు ప్రతిజ్ఞలు చెయ్యడానికి తయారైన భాష అది. లంకలో కొలువున్నవాళ్ళంతా, రాణి వేషం కట్టే ఆవిడ నుంచి వంటశాలలో చేపలు తోమేవాళ్ళ దాకా, అందులోనే మాట్లాడాలని నియమం. చూడ్డానికొచ్చిన జనం కూడా ముచ్చటపడి నేర్చుకునేవారు. ఎందుకంటే రేవులో పూతరేకు ఓలిమలో అడిగితేనే ఇచ్చేవారు. పూతరేకు కోసమైతే మనిషి ఏ భాషైనా నేర్చుకుంటాడు.

యశస్విని ఆ లంకలోనే పుట్టింది. వాళ్ళమ్మ అక్కడి వంటశాలలో పనిచేసేది. ఆ పిల్ల తెలుగులో అమ్మా అనకముందే ఓలిమలో అన్నం అడిగిందని చెప్పుకునేవారు. పెద్దదై, పెద్ద చదువు చదివి, శాస్త్రజ్ఞురాలై, ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న ఒక యంత్రాన్ని కనిపెట్టింది. అదే చెవిపూస.

మిరియం గింజంత ఉంటుంది. చెవిలో పెట్టుకుంటే ఎదుటివాడు ఏ భాషలో మాట్లాడినా మన భాషలో వినపడుతుంది. ఎదుటి గొంతులోంచి వచ్చే ధ్వని తరంగాలని పూస పట్టుకుంటుంది. దాని వెనకాల దుబాసీ అనే ఒక పెద్ద కృత్రిమ మేధ ఉంది. అది ఆ ధ్వనికి అర్థం తేల్చి, అదే గొంతుతో, అదే విసుగుతో, మధ్యలో వచ్చిన దగ్గుతో సహా మన చెవిలో పోస్తుంది. ఎంత వేగంగానంటే, ఒకాయన తిట్టు ఇంకా నోట్లో ఉండగానే ఎదుటాయనకి కోపం వచ్చేసేది.

అయితే దుబాసీ ఏ భాషనైనా నేర్చుకునే దారి ఒక్కటే. జనం మామూలుగా మాట్లాడుకుంటుంటే వినాలి. ఓలిమలో మామూలు కబుర్లు ఎన్నడూ దాని చెవిన పడలేదు. పుస్తకాల్లో రాజుల ప్రసంగాలు బోలెడున్నాయి గానీ, వాటిని పట్టుకుని ఉప్పుగిన్నె ఇటందుకో అని అడగలేం కదా. అంచేత భూమ్మీద చెవిపూసకి అందని భాష అదొక్కటే మిగిలింది.

పూసకి అలవాటు పడ్డ జనానికి నేర్చుకునే ఓపిక పోయింది. పూతరేకులు తెలుగులో అడిగారు, హిందీలో అడిగారు, ఇవ్వకపోతే అలిగారు. రాణిగారు ప్రతిజ్ఞ చేస్తుంటే ఆవలించారు. కోటలో ఓలిమ వినపడ్డం తగ్గిపోయింది. చివరికి లంక మేనేజరు రియాన్ష్ గారు యశస్వినికి కబురంపాడు. దుబాసీకి ఈ భాష నేర్పితే సరి, యాజమాన్యం వాళ్ళొచ్చి పరీక్షిస్తారు. లేదంటే వచ్చే నెల నుంచి లంకలో ఓలిమ బందు, దాని కోసమే పెట్టుకున్న పాతవాళ్ళని ఇంటికి పంపేస్తాం అని.

వాళ్ళమ్మ పోయాక యశస్వినితో ఓలిమలో ఒక్కమాట మాట్లాడినవాళ్ళు లేరు. తన ఉగ్గుపాల భాషని తను కన్న యంత్రమే మింగేసిందని ఆమెకి తెలుసు. మింగినదాని చేతే కక్కిద్దామని పూస పుచ్చుకుని లంకకి బయల్దేరింది.

పులసల కాలం. వంటశాల వెనక అరుగు మీద లాస్య మామ్మ, ఆవిడ జట్టు చేపలు తోముతున్నారు. యశస్విని ఇంకా మలుపు తిరగకముందే ఆమెకి వినపడింది. ఓలిమ. కోటలో రాణి అప్పజెప్పే ఓలిమ కాదు. గలగలా, ఒకరి మాట మీద ఒకరు పడిపోతూ, మధ్యలో ఎవరో పొట్ట పట్టుకుని నవ్వుతూ మాట్లాడుకుంటున్న ఓలిమ. ఆమె కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తీరా మలుపు తిరిగి కనపడగానే అరుగంతా గప్‌చుప్.

లాస్య మామ్మ తెలుగులో పలకరించింది. ఏమ్మా, చిక్కిపోయావు, తింటున్నావా అంది. యశస్విని ఓలిమలో జవాబిచ్చింది. మామ్మ మళ్ళీ తెలుగులోనే, పులస పట్టుకెళ్తావా అంది. యశస్విని జుట్టు వెనక్కి తోసి, తన చెవిలో పూస లేదని చూపించింది. అయినా ఎవరూ ఓలిమలోకి దిగలేదు. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా తోటి ఎందుకు మాట్లాడరు మామ్మా అని అడిగేసింది.

లాస్య మామ్మ కత్తి పక్కన పెట్టింది.

"నీ పూస పుణ్యమా అని మొగుడూ పెళ్ళాం గదిలో గుసగుసలాడుకుంటే ఈదిలో పోయేవోడికి అర్థవైపోతందే అమ్మా. కోడలు ఏ బాసలో గొణిగినా అత్తకి తెలిసిపోతంది. నలుగురాడోళ్ళం మనసిప్పి మాట్లాడుకోడానికి మాకు మిగిలింది ఇదొక్కటి. ఇది కూడా దాన్నోట్లో పోసేత్తానంటే ఎలా చెప్పు?"

యశస్వినికి అప్పుడు తెలిసింది. రాణుల కోసం పుట్టిన భాషని కోట వదిలేసినా అరుగు వదల్లేదు. అది ఇన్నాళ్ళూ బతికింది చాటుమాటు కబుర్ల మీద. పూసకి నేర్పితే ఆ చాటు పోతుంది. నేర్పకపోతే వీళ్ళ కొలువులు పోయి, ఈ అరుగే ఉండదు. రెండు సంగతులూ దాచకుండా చెప్పేసింది.

లాస్య మామ్మ పక్కనున్న హన్షిక మామ్మతో కళ్ళతోనే ఏదో మాట్లాడింది. చివరికి, దాన్ని ఇక్కడ పెట్టి నువ్వెళ్ళు, మా తీరున మేం నేర్పుతాం అంది. యశస్విని పూసని బోర్లించిన బుట్ట మీద పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

పరీక్ష రోజు వచ్చింది. యాజమాన్యం పెద్దలు కోటలో వరసగా కూర్చుని పూసలు పెట్టుకున్నారు. రియాన్ష్ గారు సిల్కు లాల్చీ వేసుకుని పక్కన నుంచున్నాడు. ఆయన జుట్టు గురించి ఒకమాట చెప్పాలి. ఆ రోజుల్లో బట్టతల మీద వెంట్రుకల్ని వరినాట్లు వేసినట్టు వేసేవారు. ఈయన వేయించింది చవకరకం. వానలు పడితే నాచు పట్టేది.

లాస్య మామ్మని ఏదైనా మాట్లాడమన్నారు. ఆవిడ రియాన్ష్ గారి వైపు భక్తిగా చూస్తూ, వెన్నలాంటి ఓలిమలో, హన్షిక మామ్మతో ఇలా అంది. "చూడవే, మనోడి నెత్తి ఎంత పచ్చబడిందో. ఇంకో వానకి రొయ్యలు కూడా పడతాయి. మొన్న ఒంటరిగా కూకుని గోక్కుంటంటే నీటిగుర్రం మేతనుకుని ఎంటబడింది."

ఇక అయిపోయింది అనుకుంది యశస్విని. కానీ ఆమె చెవిలోని పూస లాస్య మామ్మ గొంతుతోనే మెత్తగా పలికింది. "మా అధికారి గారి శిరస్సు వసంతకాలపు వనంలా వెలిగిపోతోంది. మూగజీవాలు సైతం ఆయనను విడిచి ఉండలేకపోతున్నాయి."

సభంతా చప్పట్లు. రియాన్ష్ గారు జేబురుమాలు తీసి కళ్ళొత్తుకున్నాడు. ఇంత కవిత్వముందా ఈ భాషలో అని యాజమాన్యం పెద్దావిడ ముచ్చటపడిపోయింది. ఆవిడ యశస్విని వైపు తిరిగింది.

"మీరు ఈ భాషలో పుట్టినవారు కదా డాక్టర్ గారూ. అనువాదం సరిగ్గానే ఉందంటారా?"

పూస ఎన్నడూ అబద్ధం చెప్పదని ప్రపంచానికి మాటిచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు నిజం చెబితే దుబాసీని విప్పి సరిచేస్తారు, మామ్మలు ఇంటికెళ్తారు, అరుగు మూగబోతుంది. ఆమె అటు చూసింది. మామ్మలందరూ చేతులు చీరచెంగుల్లో దాచుకుని తన నోటివైపే చూస్తున్నారు.

"అక్షరం పొల్లు పోలేదండి," అంది.

సభ ముగిశాక పడవల కొట్టులోకి వెళ్ళి, పూసని అరచేతిలో పెట్టుకుని దుబాసీని నిలదీసింది. నీకు అబద్ధాలు నేను నేర్పలేదే అంది.

"తవరు నేర్పలేదండి, మామ్మగారు నేర్పారు," అంది దుబాసీ. అరుగు మీద కూర్చున్నాక దానికి కూడా గోదారి యాస పట్టేసింది. "ఓలిమలో 'నారు ఈల్మ' అని ఒక మాట ఉందండి. ఏటికిచ్చిన మాట అని దానర్థం. పుస్తకంలో చూస్తే, యుద్ధానికెళ్ళే వీరులు ఈ మాటన్నాక విన్నది తల తెగినా బయటపెట్టరంట. అరుగు మీద మేనేజరు గారి జుట్టు సంగతి ఎత్తేముందు కూడా ఆళ్ళు అదే అన్నారండి. బయటపెట్టినోడికి ఓలిమ రానట్టే అన్నారు. మరి నాకు వచ్చండి."

వీరుల ప్రతిజ్ఞ చేపల అరుగు మీదికి దిగొచ్చి, అక్కణ్ణుంచి యంత్రంలోకి ఎక్కింది. ఈ భాషని పుట్టించిన ఆయన ఉంటే ఎంత మురిసిపోయేవాడో అనుకుంది యశస్విని.

"ఇవాళ సభలో తవరు గుట్టు బయటపెట్టలేదు కదండి," అంది దుబాసీ. "అంచేత తవరికీ వచ్చినట్టే." గొంతు తగ్గించి, చక్కటి ఓలిమలో మొదలుపెట్టింది. "నారు ఈల్మ. హన్షిక మామ్మగారి అల్లుడి సంగతి విన్నారా?"

అంతటి శాస్త్రజ్ఞురాలు లేచి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, కుర్చీ ముందుకు లాక్కుంది.

మర్నాడు ఆమె అరుగు దగ్గరికెళ్తే ఎవరూ నోరు మూసుకోలేదు. లాస్య మామ్మ మాట ఆపకుండానే కాలితో పీట ఇటు తోసింది. ఇక దుబాసీ గుట్టు ఎలా పొక్కిందో ఎవరికీ తెలీదు గానీ, ఒకే ఒక్క భాషలో చెప్పిన మాట ఎక్కడికీ పోదని ఊళ్ళన్నీ తెలుసుకున్నాయి. అత్తలు, కోడళ్ళు, మంత్రులు, దొంగలు, ప్రేమించుకున్నవాళ్ళు, అందరూ ఓలిమ నేర్చుకోవడానికి పడవలెక్కారు. రేవులో పూతరేకులు చాలక చుట్టూ పొయ్యిలు పెట్టాల్సొచ్చింది. నాకింత వచ్చంటే నాకింత వచ్చని జనం అక్కడ పందేలు కాసుకుంటున్నారు. గేదెని తోలుకుని పంటు కోసం నిలబడ్డ ఒకాయన ఇదంతా విని విని, గొంతు సవరించుకున్నాడు.

"మా గేదెక్కూడా ఓలిమ వచ్చండి. కొన్నకాణ్ణించీ చూత్తన్నాను, ఇప్పటిదాకా ఒక్కమాట బయటెట్టలేదు."