పసుపు పడవ పెడళ్లు

వరద ఆపడానికి తవ్వించిన చెరువది. వేసవిలో ఊరంతా అక్కడే... ఈతలు, పడవలు, పిల్లల గోల. చీకటి పడితే మాత్రం పడవల రేవు వైపు పురుగు కూడా వెళ్లదు. చెరువు నీళ్లు వదిలే గేటుకి పాత కాపలాదారు మునిగిపోయింది అక్కడే. రోజూ పసుపు పెడల్ పడవ తొక్కుకుంటూ కట్ట చూసొచ్చే మనిషి... పోయాక కూడా తొక్కుతూనే ఉన్నాడని చెప్పుకుంటారు.

నేనైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. మా బావ నవ్వడు. ఆ పడవలు అద్దెకిచ్చేది ఆయనే మరి.

ఇది బావ చెప్పిందే. వానలు పట్టుకున్నాయి, చెరువు నిండుకుండలా ఉంది. కట్ట కిందే వాళ్లిల్లు. నెలలు నిండిన మా అక్క నిద్రపోతోంది. పడవల తాళ్లు చూసొద్దామని రాత్రిపూట బావ ఒక్కడే రేవుకి వెళ్లాడు.

గాలి లేదు. పడవలన్నీ కుదురుగా ఉన్నాయి.

కిర్రు... కిర్రు...

టార్చి వేశాడు. పసుపు పడవలో ఎవరూ లేరు — పెడళ్లు తిరుగుతున్నాయి. నెమ్మదిగా, ఎవరో తీరిగ్గా తొక్కుతున్నట్టు.

బావ వెనక్కి తగ్గాడు. ఇంటికి వెళ్లాలంటే ఆ పడవ పక్కనుంచే పోవాలి. అటు పోలేక కట్టెక్కి గేటు గదికి పరిగెత్తాడు.

"అన్నా... ఈ పూటకి ఇక్కడే పడుకుంటా," అని గొణుగుతూ చూసింది చెప్పాడు.

కొత్త కాపలాదారు నవ్వాడు. "దెయ్యమేంట్రా పిచ్చోడా. నీళ్లు లాగుతుంటే పడవ కింద చక్రం తిరుగుతుంది, దాంతో పెడళ్లూ తిరుగుతాయి..." అంటూనే ఆగిపోయాడు.

"అవునూ... గేటు మూసే ఉందిగా. మరి నీళ్లెక్కడికి పోతున్నాయి?"

టార్చి పట్టుకుని కిందికి దిగాడు. కింది నుంచే కేక వేశాడు.

"ఒరేయ్... గేటు పక్కన మట్టి జారిపోతోంది. నేను సైరన్ వేస్తా, నువ్వు వెళ్లి వీధి లేపు."

ఈసారి బావ ఆ పడవ పక్కనుంచే పరిగెత్తాడు. అక్కని పొదివి పట్టుకుని మెరక మీదున్న బడికి చేర్చాడు. వీధంతా వెనకే వచ్చింది. తెల్లారకముందే కట్ట తెగింది. వాళ్లింట్లో కిటికీల పైదాకా నీళ్లు... మనుషులు మాత్రం అందరూ దక్కారు.

తర్వాత ఓ రోజు, పుట్టిన పాపని ఒళ్లో పెట్టుకుని బావని ఆటపట్టించాను. "దెయ్యం లేదు గియ్యం లేదు బావా. నీళ్లకి చక్రం తిరిగింది, అంతే."

బావ అక్క వైపు చూసి, నా చెవి దగ్గరకి వంగాడు.

"ఆ పడవకి చక్రమే లేదురా. పోయిన వేసవిలో నేనే విప్పి ఇంకో పడవకి వేశా."

పాపని దగ్గరికి లాక్కున్నాను. "మరి... ఆ రాత్రే కొత్త కాపలాదారుకి చెప్పలేదేం?"

"చెబితే... నీళ్లెటు పోతున్నాయో చూడ్డానికి దిగేవాడా?"