గాలెలా ఉందక్కా?

ఊళ్ళో ఆవిణ్ణి అందరూ వానక్క అంటారు. సరస్సు ఒడ్డున, తెల్ల కంచె లోపలున్న చిన్న వాతావరణ కేంద్రంలో ఆవిడ ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటికోసారి, సాయంత్రం ఐదున్నరకోసారి వానడబ్బాలో నీళ్ళు కొలవాలి, బారోమీటరు ముల్లు ఎక్కడుందో చూడాలి, గాలి ఎటు వీస్తోందో రాసి పై ఆఫీసుకి ఫోను చేయాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. బట్టలు ఆరేయాలన్నా జనం ముందు ఆవిణ్ణి అడిగేవాళ్ళు. ఆకాశంతో చుట్టరికం కలుపుకున్న మనిషని వేళాకోళం చేసేవాళ్ళు.

ఆ చుట్టరికం ఈమధ్య చెడింది. ఒకప్పుడు మధ్యాహ్నం మూడయ్యేసరికి, ఎవరో చెప్పి పంపినట్టు, సరస్సు మీంచి చల్లగాలి వచ్చేది. ఇప్పుడు ఎండాకాలంలో వడగళ్ళు, వానాకాలంలో దుమ్ము. నీళ్ళు ఒడ్డు వదిలి ఫర్లాంగు దూరం పోయాయి. రేవు నుంచి లాంచీ దాకా బురద మీద చెక్కలు పరిచి జనాన్ని నడిపిస్తున్నారు.

కాలం ఇలా కట్టుతప్పిన రోజుల్లోనే, రెండేళ్ళ కిందట, ఆవిడ తమ్ముడు పోయాడు. పడవ నడిపేవాడు. బయల్దేరేముందు రోజూ కంచె దగ్గర ఆగి, "అక్కా, గాలెలా ఉంది?" అని అడిగేవాడు. ఆ రోజు ముల్లు కాస్త దిగి ఉంది, గాలివానకి గుర్తుగా. ఆవిడ చూసింది. చూసి కూడా, "ఈ నెలలో గాలేంట్రా, పోయిరా" అంది. గంట తిరక్కుండా సుడిగాలి లేచింది. పడవలో ఎక్కిన ముగ్గురూ ఎలాగో ఒడ్డున పడ్డారు. వాడు మాత్రం శవమై కూడా దొరకలేదు. అమ్మ ఆ తర్వాత వానక్కని ఒక్క మాట అనలేదు. అంటే బావుణ్ణని వానక్కకి ఉండేది.

ఈ వేసవిలో నలభై రోజులుగా చినుకు లేదు. అయినా ఓ సోమవారం పొద్దున వానడబ్బాలో నీళ్ళున్నాయి. మర్నాడూ ఉన్నాయి. ఎవరో ఆకతాయి పనిలే అనుకుని కంచె తలుపుకి కొత్త తాళం వేసింది. మూడోనాడూ ఉన్నాయి. వాసన చూస్తే... నాచు.

"ఏమ్మా, మబ్బు లేకుండా మీ ఒక్కరికే కురుస్తోందా వాన?" అని పై ఆఫీసరు ఫోన్లో నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఇవాళ వెళ్ళకే. నా మనసేం బాగాలేదు."

"పది నిమిషాల్లో వచ్చేస్తానమ్మా."

ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఎండ మండిపోతోంది. కంచె తలుపు తీసేసరికి ఎండ లేదు. సరస్సు వైపు నుంచి పొగమంచు... మండువేసవిలో పొగమంచు. నేలని పాకుతూ వచ్చి ముందు రేవుని, తర్వాత కంచెని, చివరికి ఆవిడ చేతుల్ని మింగేసింది. చెమటకి తడిసిన జాకెట్టు వీపుకి చల్లగా అతుక్కుంది. పక్షులు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. పచ్చి నాచు వాసన. దాని అడుగున ఇంకో వాసన, ఏళ్ళ తరబడి మూసిన పెట్టె తెరిస్తే వచ్చేలాంటిది.

అప్పుడు వినిపించింది.

కిర్రు... కిర్రు...

తెడ్డు చప్పుడు. నీళ్ళేమో ఫర్లాంగు దూరంలో ఉన్నాయి. చప్పుడేమో కంచె అవతలే. ఎండి బీటలు వారిన మట్టి మీద.

ఆగింది.

"అక్కా..." గొంతు నిండా నీళ్ళున్నట్టుంది. "గాలెలా ఉంది?"

వానక్క మంచులో తడుముకుంటూ వెళ్ళి గది గోడకున్న బారోమీటరు చూసింది. ముల్లు దిగుతోంది. తను చూస్తుండగానే, పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ దిగనంత కిందికి...

"బాగాలేదురా" అంది గుసగుసగా. "వెళ్ళకు. ఈసారి నిజం చెబుతున్నా... వెళ్ళకురా నాన్నా."

ఎక్కడో చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి.

"మరి... వాళ్ళంతా ఎక్కేశారక్కా."

"ఎవర్రా? ఎవరెక్కారు?"

కిర్రు... కిర్రు... దూరమైపోయింది. మంచు విడిపోయి ఎండ మళ్ళీ పడింది. మట్టి మీద ఒక్క అడుగుజాడ లేదు.

ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పింది. అమ్మ ఏడవలేదు.

"రేపు లాంచీ ఎన్నింటికే?" అంది.

పొద్దున తొమ్మిదికి రేవులో పదకొండుమంది నిలబడి ఉన్నారు. ఆకాశం తుడిచిన పలకలా ఉంది. వానక్క బతిమాలుతుంటే లాంచీ ఓనరు విసుక్కున్నాడు. "ఆకు కదలడం లేదు, గాలేంటక్కా? నీకు కాస్త రెస్టు కావాలి."

అమ్మ వెళ్ళి చెక్కల వంతెనకి అడ్డంగా పడుకుంది, డెబ్భై ఏళ్ళ మనిషి.

"అయ్యో, లేవండమ్మా! మనుషులు ఎక్కాలి!"

"నా కొడుకుని ఇచ్చాను. ఇంకెవరి బిడ్డల్నీ ఇవ్వను. నన్ను తొక్కుకుంటూ పోండి."

ఎవరు తొక్కుతారు? సణుక్కున్నారు, తిట్టుకున్నారు, గడియారాలు చూసుకున్నారు. అరగంట గడిచింది. సరస్సు మధ్యలో నీళ్ళు నల్లబడ్డాయి. అంతే... గాలి విరుచుకుపడింది. అమ్మని చంకల కింద చేతులేసి ఎత్తుకుని, అందరూ రేవు షెడ్డులోకి పరిగెత్తారు. రేకులు లేచిపోయాయి. వంతెన చెక్కలు అగ్గిపుల్లల్లా ఎగిరాయి. కుంభవృష్టి.

గంటకి గాలి తగ్గింది, వాన తగ్గలేదు. పదకొండుమందీ ఒకర్నొకరు పట్టుకుని వణుకుతున్నారు, కానీ ఉన్నారు. ఒకావిడ అమ్మ కాళ్ళు పట్టుకుని వదల్లేదు. వానక్క రెండేళ్ళ తర్వాత మొదటిసారి గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది.

లాంచీని గాలి బురద మీదికి ఈడ్చిపారేసింది. ఎంత దెబ్బతిందో చూద్దామని ఓనరు వెళ్ళాడు. వెళ్ళినవాడు అక్కడే నిలబడిపోయాడు.

"వానక్కా..." అన్నాడు. "ఓసారి ఇలా రా."

పైకప్పు లేని లాంచీ. బల్లలు వానకి నాని కారుతున్నాయి. కానీ వాటి మీద అక్కడక్కడా, మనిషి కూర్చునేంత మేర, ఒక్క చుక్క తడి లేదు. వాన ధారగా పడుతూనే ఉంది, ఆ చోట్ల మాత్రం పడడం లేదు. లెక్కపెట్టింది. పదకొండు, షెడ్డులో ఉన్నవాళ్ళంతమంది. ఒకదాని మీద చెయ్యి పెట్టింది.

వెచ్చగా ఉంది.

"అక్కా," ఓనరు గుసగుసగా అన్నాడు, "అటు చూడు..."

చివరి బల్ల మీద, వాళ్ళు చూస్తుండగానే, పన్నెండో చోటు మెల్లగా ఆరుతోంది, ఎవరో ఇప్పుడే ఎక్కి కూర్చుంటున్నట్టు.