వణకని మూడు రోజులు

పొద్దున ఆరింటికి చేవెళ్ల రోడ్డు మీద సైంటిస్టు ప్రభాకర్‌ను నంబరు లేని లారీ తొక్కేసి పోయింది. జేబులో ఒక చిన్న డిస్కు దొరికింది. అందులోని లెక్క ఒకటి, ఆయన పనిచేసిన ల్యాబ్ లెక్క ఇంకొకటి.

ఏది నిజం? తేల్చాల్సిన మనిషి ఏజెంట్ రత్నాకర్. గడువు పదకొండింటి దాకా. ఇప్పుడు పది నలభై.

సురంగల్ శివారులో, ముప్పై అడుగుల లోతున ఉందా ల్యాబ్. నాలుగు అద్దాల నడుమ రెండు లేజర్ కిరణాలు ఎదురెదురుగా పరుగెడుతుంటాయి. భూమి తిరిగేకొద్దీ రెండింటికీ తేడా పడుతుంది. ఆ తేడాయే భూమి వేగం. అది ఒక్క మిల్లీసెకను తప్పితే మ్యాపులో నేల అరమీటరు జరిగినట్టే. విదేశీ ముఠా మూడు నెలలుగా రోజుకొక మిల్లీసెకను దొంగిలిస్తోందని అనుమానం. అంటే ఈపాటికి నలభై మీటర్ల పైమాటే.

పదకొండింటికి మన యుద్ధనౌక ఒకటి మందుపాతరల మధ్య సందులో దూరుతుంది. రేడియో బంద్. ఆగమని చెప్పే దారి లేదు. ఉపగ్రహం చూపిన దారే దిక్కు. ఉపగ్రహానికి ఈ ల్యాబ్ లెక్కే దిక్కు. ఆ నౌకలో రత్నాకర్ కూతురు కృపాజ్యోతి ఉంది.

"ఆధారం చూపించు," లైన్‌లో చీఫ్ అన్నాడు. "లేకపోతే ల్యాబ్ లెక్కే పంపుతాను."

ల్యాబ్ ఇంజినీరు శిరీష నల్ల గాగుల్స్ తలమీదికి తోసుకుంది. ముఠాలో చేరి వాళ్ల గుట్టు డిపార్ట్‌మెంట్‌కు మోస్తున్న డబుల్ ఏజెంట్ ఆమె. చీఫ్‌కు ఆమె మాటంటే వేదం. రెండు గ్రాఫులూ స్క్రీన్ మీద పరిచింది.

"చుట్టూ బోరు మోటార్లు తిరిగితే మన లేజర్ వణుకుతుంది. ల్యాబ్ రికార్డులో ఆ వణుకు రోజూ ఉంది. ప్రభాకర్ డిస్కులో సోమ, మంగళ, బుధ మూడు రోజులూ లేదు. కూర్చుని వండిన డేటా. సింపుల్."

చీఫ్ సరేనన్నాడు. రత్నాకర్ మెట్లెక్కి పైకొచ్చాడు. పది యాభై మూడు. కూతురు పంపిన చివరి మెసేజ్ ఫోన్‌లో ఉంది. తెరవడానికి ధైర్యం చాలలేదు.

కంచె అవతల టమాట తోటలో, ఇనుప పైపు పట్టుకుని మోటరు దగ్గర నిలబడ్డ రైతు లక్ష్మమ్మ అతన్ని చూసింది. మూడు నెలల మారువేషంలో ఊరికి అతను బోరు మోటార్ల మెకానిక్. ఒంటిమీద గ్రీజు చొక్కా, చేతిలో టెస్టరు. ఆ టెస్టరు కడుపులోనే సీక్రెట్ ఫోను.

"ఏడ వోయినవ్ బిడ్డా, నాలుగొద్దులాయె కానరాక? సోమారం ట్రాన్స్‌ఫార్మర్ కాలె. బుధారం పొద్దుమీకే దాకా ఊర్ల ఒక్క మోటరు తిరగలే. నిన్న కరెంటొచ్చింది, నా మోటరు లేస్తలేదు. తోటంత ఎండె."

రత్నాకర్ కంచె దాటి తోటలోకి దూకాడు.

"మూడొద్దులు ఒక్క మోటరు గూడ తిరగలేదా అవ్వా?"

"ఎట్ల తిరుగుతది? ఫామ్‌హౌసోల్లకు జనరేటర్లున్నయ్, వాల్లకేం ఫికర్?"

శిరీష ఉండేది పక్కూరు కనకమామిడిలో, ఒక ఫామ్‌హౌసులో. ల్యాబ్‌కూ జనరేటరే. ఊరు మూడు రోజులు చీకట్లో మగ్గిన సంగతి ఆమెకు తెలియనే తెలియదు. పాత వారం వణుకును కాపీ కొట్టి అతికించేసింది. వండింది ప్రభాకర్ కాదు, ఈమె.

టెస్టరు విప్పి చెవిన పెట్టుకునేసరికి వీపుకు పిస్టల్ తగిలింది.

"ల్యాబ్ లెక్కే కరెక్టని చెప్పు," ల్యాబ్ నుంచి వెంటే వచ్చిన శిరీష గొంతు.

పది యాభై తొమ్మిది. రత్నాకర్ ఫోన్‌లో అన్నాడు:

"చీఫ్, తోట తడిసింది."

ఇద్దరికే తెలిసిన మాట అది. ప్రభాకర్ లెక్కే పంపమని అర్థం. ఎండిన తోట ముందు నిలబడి ఆ మాటేమిటని శిరీష ఒక్క క్షణం తికమకపడింది. ఆ క్షణం చాలు. లక్ష్మమ్మ చేతిలోని ఇనుప పైపు ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ టమాట సాళ్లలో దొర్లింది.

పదకొండు గంటల ఏడు నిమిషాలు. చీఫ్ గొంతు: "నౌక దాటింది. అందరూ క్షేమం."

రత్నాకర్ గట్టు మీద కూలబడి మెసేజ్ తెరిచాడు. 'బాపూ, తిన్నవా?' అని ఉంది.

మూడు రోజులు కరెంటు లేదని ఊరంతా పోయి మొత్తుకుంటే రాసుకోని సర్కారు, అదే మాట లేజర్ చెబితే అత్యంత రహస్యమని ముద్రవేసి బీరువాలో పెట్టింది.