ఎవరి ఐదు గంటలు?

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి లోపల ఒక మనిషి గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. లార్నకా రేవు పక్కన అదొక నాసిరకం హోటల్. ఒక రహస్యం అమ్ముతాను రమ్మని వస్ఫీకి కబురు పెట్టింది అతనే. పొట్ట దగ్గర చొక్కా తడిసి నల్లబడింది.

వస్ఫీ మోకాళ్ళ మీద కూర్చుని అతని తల ఎత్తి పట్టుకున్నాడు.

"ఎవరు పొడిచింది?"

"మా వాళ్ళే. బాంబు నేనే చేశాను... వాళ్ళు పంపించేశారు. ఖాన్ యూనిస్ క్యాంపు... బుధవారం... రాజీ దగ్గర... ఐదింటికి."

"ఎందులో పెట్టి పంపారు?"

అతని తల వస్ఫీ చేతిలో వాలిపోయింది. లిఫ్టు తలుపులు మూసుకోబోయి వస్ఫీ బూటు తగిలి మళ్ళీ తెరుచుకున్నాయి. అతను ఆ తలను మెల్లిగా దించి, మెట్లదారిన కిందికి పరుగెత్తాడు.

నికోసియాలోని గూఢచారి ఆఫీసులో వస్ఫీ చీఫ్ అబూ రిద్వాన్ గుమ్మడి గింజలు కొరుకుతూ బ్రీఫింగ్ ఇచ్చాడు. ఎంత పెద్ద ప్రమాదమైతే అన్ని ఎక్కువ గింజలు కొరకడం ఆయన అలవాటు. ఆ రోజు టేబుల్ మీద పొట్టు కుప్ప పడింది.

"పోయిన నెల కాలేజీలో మన కుర్రాళ్ళూ మసీదు కుర్రాళ్ళూ సైకిల్ గొలుసులతో కొట్టుకున్నారు. మసీదు వాళ్ళ పిల్లాడొకడు పోయాడు. బుధవారం రాజీ. మనవైపు నుంచి ఉస్తాద్ నబ్హాన్, అటునుంచి షేక్ ఫర్హాన్. ఒకే గది. ఆ గది లేచిపోయిందనుకో?"

"వాళ్ళే పెట్టారని మనం అంటాం. మనమే పెట్టామని వాళ్ళంటారు."

"తెల్లారేసరికి సందుకో శవం. లార్నకా ముఠాకి కావలసింది అదే. డబ్బిచ్చినవాడికల్లా పనిచేస్తారు. ఈసారి ఇచ్చిందెవరో కనుక్కునే టైం లేదు."

"వాయిదా వేయించండి."

"మనం వాయిదా అంటే దడుచుకున్నారంటారు. బాంబుందంటే మీరే పెట్టారంటారు. నువ్వే వెళ్ళి తీసెయ్యాలి. అక్కడ మనకి లమీస్ ఉంది. ఫ్రెంచి పత్రికకి ఫోటోగ్రాఫర్. ఫోటో తీయడానికి రెండు పక్షాలూ ఆమెనే పిలిచాయి." ఆయన గింజలు కొరకడం ఆపాడు. "షేక్ పక్కన కాపలా ఎవరో తెలుసుగా?"

వస్ఫీకి తెలుసు. మిస్బాహ్. సొంత తమ్ముడు.

అందుకే అతనికి ఆ పూట నుంచి కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే డబ్బాలో కుంచె ముంచి గోడల మీద జెండాలు గీసినవాళ్ళు. వస్ఫీ ఖాన్ యూనిస్ శరణార్థుల క్యాంపు వదిలిన రోజుల్లో మసీదులో నమాజుకు ముసలాళ్ళు తప్ప ఎవరూ కనిపించేవారు కాదు. తర్వాత మసీదు వాళ్ళు పిల్లల బడి పెట్టారు, దవాఖానా పెట్టారు, ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. వస్ఫీ పక్షమైన జెండా వాళ్ళ నాయకులు విదేశీ హోటళ్ళలో ఉపన్యాసాలు దంచుతుంటే, మసీదు వాళ్ళు జబ్బుపడ్డవాడి ఇంటికి పిండి బస్తా మోసుకెళ్ళారు. ఇప్పుడు నమాజు చాపలు మసీదు పట్టక సందులోకి వచ్చాయి, గడ్డాలు పెరిగాయి, గొలుసుల తర్వాత పిస్తోళ్ళు కూడా వచ్చాయి. మిస్బాహ్ కుంచె మారలేదు గానీ గోడ మీద రాత మారింది. ఇందులో తప్పెవరిదని ఎవరైనా అడిగితే వస్ఫీకి కోపం వచ్చేది, జవాబు తెలుసు కాబట్టి.

బుధవారం అతను నాబ్లస్ సబ్బుల వ్యాపారి. పొట్ట మీద దిండు, మూతి మీద మీసం, చేతిలో సబ్బుల పెట్టె. జేబులో ఆఫీసు వాళ్ళిచ్చిన లైటర్ ఉంది. అది ఫోటోలు తీసేది, సిగరెట్ మాత్రం వెలిగించేది కాదు.

చెక్‌పోస్టు దాటగానే షేర్ టాక్సీ డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"దాటేశాం. ఇక మన టైముకి తిప్పుకోండి."

ప్రయాణికులందరూ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. ఎండాకాలంలో గడియారం గంట ముందుకు జరిపే సైన్యపు సర్కారుది ఆ సెప్టెంబర్‌లో ఇంకా వేసవి గంటే. తిరుగుబాటు నాయకత్వం మాత్రం మా వేసవి అయిపోయిందని కరపత్రం వేసి గంట వెనక్కి జరిపింది. సైనికుడు మణికట్టు పట్టుకుని చూసి మన టైం కనిపిస్తే గడియారం పగలగొట్టేవాడు. సర్కారు టైం కనిపిస్తే వీధిలో కుర్రాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. మసీదు వాళ్ళు రెండింటినీ పట్టించుకోకుండా సూర్యుణ్ణి చూసేవాళ్ళు. ఈ తలనొప్పి లేకుండా రాజీకి పొద్దు వాలే వేళ చేసే 'అసర్ నమాజు కాగానే' అని ముహూర్తం పెట్టుకున్నారు.

"మీ ఊళ్ళో ఎంతైందండీ?" అని పక్కనున్న ముసలమ్మ వస్ఫీని అడిగింది.

"ఎవరి టైం అమ్మా?"

"మంచోడివే. మా అల్లుడు ఇప్పటికీ అడగడు, వెర్రివెధవ."

బాంబు ఐదింటికి. ఎవరి ఐదింటికి? దారంతా వస్ఫీ అదే నమిలాడు. ముఠాకి క్యాంపులో ఎవరో ఒకరి సాయం ఉండితీరాలి. అలాంటి మనిషి క్యాంపు గడియారమే చూస్తాడు. కాబట్టి మన ఐదే అని తేల్చుకున్నాడు. తేల్చుకున్నా మనసు నిలవలేదు.

రాజీ జరిగే ఇంటి ముందు గుడారం వేశారు. జెండా వాళ్ళు కుడివైపు, మసీదు వాళ్ళు ఎడమవైపు నిలబడ్డారు. పెద్దలు అప్పటికే లోపల గదిలో కూర్చున్నారు. గుడారం ద్వారం దగ్గర మిస్బాహ్ అందరినీ తడిమి చూస్తున్నాడు. వస్ఫీ వంతు రాగానే అతని చెయ్యి దిండు మీద ఆగింది.

"బాగా తిన్నట్టున్నావు," అన్నాడు గొంతు తగ్గించి. "ఈకలా, దూదా అన్నా?"

"దూది. ఎలా కనిపెట్టావు?"

"మీసం అతికిస్తే మనిషి మారిపోతాడా? మీ నాయకులు నేర్పింది ఇదేనా? ఎందుకొచ్చావు?"

"సబ్బులమ్మడానికి."

"ముందు మీవాళ్ళకి అమ్ము. చేతులు కడుక్కోవాల్సింది వాళ్ళే." అయినా పక్కకు జరిగి దారిచ్చాడు.

వస్ఫీ గుడారంలో కళ్ళతోనే వెతికాడు. గ్యాస్ పొయ్యి, కాఫీ కూజాలు, కుర్చీలు. అన్నీ క్యాంపువే. వాకిట్లో లమీస్ కనిపించింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి పెదాలు, క్యాంపు మర్యాద కోసం నెత్తిన పట్టు స్కార్ఫు. రెండు పక్షాల కుర్రాళ్ళూ ఆమెను చూడనట్టు నటిస్తున్నారు, ఆ ఒక్క విషయంలో మాత్రం సఖ్యంగా.

"మీ సబ్బు నురగొస్తుందా?" అంది.

"రుద్దే చేతిని బట్టి," అన్నాడు వస్ఫీ. కోడ్ సరిపోయింది. "ఏమైనా దొరికిందా?"

"గది మొత్తం చూశాను. శుభ్రంగా ఉంది. షేక్ గారి ముందు నా టేప్ రికార్డర్ పెట్టొచ్చాను, మాటలన్నీ వస్తాయి." ఆమె మణికట్టు చూసుకుంది. "ఇరవై తక్కువ ఐదు. నేను బయల్దేరతాను, ఫిల్మ్ పంపాలి."

ఆమె హడావిడిగా పెజో కారు వైపు నడిచింది. వస్ఫీ తన గడియారం చూసుకున్నాడు. నాలుగవడానికి ఇరవై నిమిషాలుంది.

ఈ క్యాంపులో ఆ నెలంతా టైం చెప్పినవాళ్ళెవరూ ఎవరి టైమో చెప్పకుండా వదల్లేదు. ఆమె వదిలేసింది. ఆమె బుర్రలో ఇవాళ ఒక్కటే ఐదు ఉంది, అది సర్కారు ఐదు. పైగా రాజీ కుదిరాక పెద్దలు కాఫీ తాగే ఫోటో కోసం పిలిస్తే, ఆ కాఫీ తాగకముందే వెళ్ళిపోయే ఫోటోగ్రాఫర్ ఎక్కడుంటుంది? గంటకు పైగా ఉందనుకున్నది ఇరవై నిమిషాలే. ఆమెను వదిలేసి గదిలోకి తోసుకుపోయాడు.

గదిలో గోడల వెంబడి పరుపుల మీద పెద్దలు కూర్చున్నారు. ఉస్తాద్ నబ్హాన్ ముందు చేదు కాఫీ కప్పు పెట్టి ఉంది. క్షమాపణ అడగడానికి వచ్చినవాడు ఆ కప్పు ముట్టుకోడు. అవతలివాళ్ళు 'తాగండి, మన్నించాం' అనేదాకా అది అలాగే ఉండాలి. అనకముందే లేస్తే రాజీ చెడినట్టే. షేక్ ఫర్హాన్ చనిపోయిన పిల్లాడి గురించి మాట్లాడుతున్నాడు. మెల్లగా, వివరంగా. ఎక్కడ మొదలుపెట్టాడో గానీ ఇంకా పిల్లాడు బడికి కూడా వెళ్ళలేదు.

వస్ఫీ వంగి, వినయంగా ఓ మూల కూర్చుని చూశాడు. షేక్ ముందు రికార్డర్ ఉంది. ఎర్రలైటు వెలుగుతోంది. క్యాసెట్ చక్రాలు మాత్రం తిరగడం లేదు.

మధ్యలో మాట్లాడకూడదు. అయినా ఎంతసేపు ఆగుతాడు? షేక్ మాట ఆగుతుందేమోనని చూశాడు, ఆగలేదు. చివరికి లేచి నిలబడ్డాడు.

"షేక్ గారూ, మన్నించండి. దాంట్లో బాంబుంది. అందరూ బయటికి నడవండి."

గదిలో గోల లేచింది. ఎవరో "జెండా వాళ్ళ నాటకం" అన్నారు. ఇంకెవరో చెప్పు తీశారు. ఉస్తాద్ నబ్హాన్ కప్పు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"నేను లేవను బాబూ. లేస్తే కప్పు కాదని పోయానంటారు."

"ఆయన లేవకుండా నేను లేస్తానా?" అన్నాడు షేక్. "రేపు సందులో పిల్లలు నవ్వుతారు."

వస్ఫీ రికార్డర్ మీదికి వంగాడు. వెనక నుంచి మిస్బాహ్ కాలర్ పట్టుకుని లాగాడు. మీసం ఊడి అతని చేతికి వచ్చింది.

"అన్నా, షేక్ గారి మాటలు దొంగిలించడానికొచ్చావా?"

"ఒరేయ్, ఐదింటికి పేలుతుందిరా."

మిస్బాహ్ చెయ్యి కాలర్ మీద బిగిసి ఉంది. అతను అన్న ముఖంలోకి చూశాడు.

"ఎవరి ఐదు?"

"సర్కారుది. తెచ్చింది లమీస్. ఆ చక్రాలు చూడు."

మిస్బాహ్ చూశాడు. తర్వాత తన గడియారం చూశాడు. నాలుగు కావస్తోంది. కాలర్ వదిలేశాడు. వస్ఫీ చెయ్యి చాపేలోగా రికార్డర్ తీసుకుని గుమ్మం దాటేశాడు.

"నాకివ్వరా," అని అరుస్తూ వస్ఫీ వెంటపడ్డాడు.

"నీకు సందులు గుర్తులేవు."

నిజమే, గుర్తులేవు. ఉన్న సందుల్లో కొత్త గోడలు లేచాయి. వస్ఫీ దిండు జారి మోకాళ్ళకు అడ్డం పడుతుంటే తమ్ముడి వీపు చూస్తూ పరుగెత్తాడు. ఆ వీపు తప్ప లోకంలో ఇంకేదీ అక్కర్లేదనిపించింది. రాజీ కూడా, జెండా కూడా. ఇళ్ళ వెనక మురుగు చెరువుంది. మిస్బాహ్ గట్టు మీద నిలబడి చెయ్యి వెనక్కి లాగి విసిరాడు. రికార్డర్ నీళ్ళకు తగలకముందే పేలింది.

మురుగంతా ఆకాశంలోకి లేచి క్యాంపు మీద కురిసింది. వస్ఫీ లేచి చూసేసరికి తమ్ముడు బోర్లా పడి ఉన్నాడు. చెవిలోంచి రక్తం కారుతోంది. వస్ఫీ అతన్ని ఒళ్ళోకి లాక్కుని పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ మళ్ళీ పిలిచాడు. తను ఏడుస్తున్నట్టు వస్ఫీకే తెలియలేదు.

మిస్బాహ్ కళ్ళు తెరిచాడు.

"ఎందుకన్నా అరుస్తావు? ఈ చెవి పోయినట్టుంది." చెవి తడుముకుని, "మీ ఉపన్యాసాలప్పుడు ఈ చెవే అటు పెట్టి కూర్చుంటాను," అన్నాడు.

"కంపు కొడుతున్నావు."

"నువ్వు మల్లెపూవువి మరి."

లోపల గదిలో కిటికీ అద్దాలు రాలి కాఫీలో దుమ్ము పడింది. షేక్ ఫర్హాన్ తలపాగా దులుపుకుని, ఉపన్యాసం ఎక్కడ ఆగిందో గుర్తురాక, "తాగండి ఉస్తాద్ గారూ, మన్నించాం," అన్నాడు. ఉస్తాద్ దుమ్ముతో సహా తాగేశాడు.

లమీస్ కారు సందు చివర్లోనే ఆగిపోయింది. సైన్యం జీపుల కోసం కుర్రాళ్ళు చల్లిన మేకులు నాలుగు టైర్లనూ దించేశాయి. ఆమెను మేం పట్టుకున్నామంటే మేం పట్టుకున్నామని రెండు పక్షాల కుర్రాళ్ళూ కాలర్లు పట్టుకున్నారు. పేలుడు విని సైన్యం వచ్చేసరికి కుర్రాళ్ళు చెల్లాచెదురయ్యారు. సైనికులు ఆమె పత్రిక కార్డు చూసి, జీపులో ఎక్కించుకుని క్యాంపు బయట మర్యాదగా దిగబెట్టారు.

సైన్యం పెట్టిన కర్ఫ్యూ సడలాక వస్ఫీ జెరూసలేం పోస్టాఫీసు నుంచి నికోసియాకి ఫోన్ చేశాడు. అవతల గింజలు కొరుకుతున్న చప్పుడు వినిపించింది.

"మసీదు వాళ్ళు అప్పుడే కరపత్రం వేసేశారు," అన్నాడు అబూ రిద్వాన్. "'రాజీని కాపాడింది మా వీరుడే' అని. మనమూ వేయాలి. అచ్చు ఆపి కూర్చున్నాను. బాంబు తీసుకుని పరుగెత్తింది మనవాడా, వాళ్ళవాడా? ఒక్క ముక్కలో చెప్పు."

"మా అమ్మ కొడుకని వేయండి," అని వస్ఫీ ఫోన్ పెట్టేశాడు.