ఉంటానమ్మా

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. చాప చాలకపోతే అరుగు మీద కూర్చోండి, అంతేగానీ ఒకరినొకరు తోసుకోకండి. కరెంటు ఇప్పట్లో వచ్చేలా లేదు. పుస్తకాలు మూసేయండి, ఈ పూటకి లెక్కలు లేవు. ఒక మాట సంగతి చెప్తాను. రోజూ మీరూ నేనూ వాడే మాటే.

మా చెల్లెలి కూతురు పైదేశంలో చదివింది. ఏం చదువని అడిగితే చెప్పడం కష్టం. చరిత్ర కొంత, నాటకం కొంత, బొమ్మలు గీయడం కొంత, తత్వం కొంత, అన్నీ కలిపి ఒకటే డిగ్రీ. "అది చదువా, కలగూరగంపా? డాక్టరు చదివితే డాక్టరంటారు. ఇది చదివితే నిన్నేమంటారే?" అని మా బావగారు వెక్కిరించేవారు. "మీ అమ్మాయి అంటారు నాన్నా" అని అది నవ్వేది.

ఆఖరి ఏడాది వాళ్ళకొక పని ఇచ్చారు. ఊరి చివర కాలేజీ వాళ్ళ పాత ఇల్లొకటి ఖాళీగా పడి ఉంది. ఒక్కొక్కరు ఒక్కో గది తీసుకోవాలి. అందులో ఎవరు బతికారో తెలుసుకోవాలి, దాని గోడలు గీయాలి, దాని చప్పుళ్ళు వినాలి. చివర్లో అందరి ఎదుటా తన సొంత భాషలో ఆ గదికి వీడ్కోలు చెప్పి, తలుపు మూసి రావాలి. అదే పరీక్ష. తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలి.

మా పిల్లకి మేడ మీద మూలగది వచ్చింది. అక్కడొక ముసలావిడ ఉండేదట. ఎవరో వస్తానని చెప్పి వెళ్ళారు. వాళ్ళకోసం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని కూర్చుని, ఆ కుర్చీలోనే కన్నుమూసిందట. గదంతా తడిసిన ఉన్ని వాసన. గోడకి అంటించిన పూలకాగితం చెమ్మకి ఉబ్బి, ముట్టుకుంటే మనిషి చర్మంలా మెత్తగా ఉండేదని చెప్పింది.

పరీక్షరోజు తోటి పిల్లలందరూ తమ తమ మాటలు చెప్పారు. వాళ్ళ మాటలన్నీ తెగిపోయే మాటలు. చెప్పేస్తే అయిపోయినట్టే. మా పిల్ల గుమ్మంలో నిలబడి, మనందరం అన్నట్టే, "వెళ్ళొస్తాను" అంది.

వాళ్ళ పంతులమ్మ అర్థం అడిగింది. వెళ్ళి, మళ్ళీ వస్తానని. ఆవిడ మురిసిపోయింది. ఎంత మంచి మాట, వీడ్కోల్లోనే తిరిగొస్తానని మాటిస్తారా మీరు, అని మెచ్చుకుంది.

అవును మరి. మాట ఇచ్చేసింది కదా.

ఆ దేశంలో చలికాలం టీ వేళకే చీకటి పడిపోతుంది. పిల్ల హాస్టలుకి నడిచొచ్చి, తన గది తాళం తీసి, లోపలికి వెళ్ళి తలుపు మూసింది. లైటు కోసం గోడ తడిమితే... చేతికి మెత్తగా తగిలింది. ఉబ్బిన కాగితం.

మాకు ఫోను వచ్చింది అప్పుడే. ఇక్కడ అన్నాలయ్యాయి. మా చెల్లెలు జాకెట్టుకి హుక్కులు కుడుతోంది, నేను పక్కనే ఉన్నాను. నోట్లో దారంతోనే స్పీకరు పెట్టింది.

"అమ్మా..." గుసగుసగా ఉంది గొంతు. "నా గదిలోకే వచ్చానమ్మా. కానీ ఇది నా గది కాదు."

"నీది కాకపోతే తాళమెలా పట్టిందే?"

"పట్టిందమ్మా. అదే నాకూ తెలియట్లేదు."

"తలుపు తీసుకుని బయటికి రామ్మా" అన్నాను నేను.

"తలుపు కనబడట్లేదు మామయ్యా. గోడే ఉంది. వెళ్ళొస్తానంటే తలుపు వస్తోంది. తీసుకుని వెళ్తే మళ్ళీ ఇక్కడికే వస్తున్నా. ఎన్నిసార్లు వెళ్ళానో..." ఆగింది. "కుర్చీ కిటికీ వైపు ఉండేది. ఇప్పుడు నా వైపు తిరిగి ఉంది."

ఏమిట్రా, చెయ్యెత్తావు? దెయ్యానికి తెలుగెలా వచ్చిందనా? నీకు బూతులు ఎవరు నేర్పారు? వింటూ కూర్చుంటే అవే వస్తాయి. కూర్చో.

నాకు తట్టింది చెప్పాను. "అయితే వస్తాననకమ్మా. పోతున్నానను. తెగిపోతుంది."

మా చెల్లెలు సూది వదిలేసి నా చెయ్యి మీద ఒక్కటి వేసింది. "నోరు ముయ్యి అన్నయ్యా! పిల్ల నోట పలికించే మాటేనా అది!" మా ఇంట్లో గుమ్మం దాటేటప్పుడు ఆ మాట ఎవరూ అనరు. పోయాడంటే ప్రాణం పోయినట్టే. ఆ పిల్లని పెంచింది కూడా అలాగే.

"అనలేను మామయ్యా" అంది అటునించి. పళ్ళు టకటకమంటున్నాయి. "నోరు రావట్లేదు."

అంతలో దబదబా తలుపు బాదిన చప్పుడు. ఎవరో పిలుస్తున్నారు. పక్కగది పిల్ల.

"అమ్మా! తలుపు వచ్చింది... నేనేమీ అనకుండానే వచ్చింది! కింద సందులోంచి వెలుతురు... మా వరండా లైటే అది!"

"పరిగెత్తవే! ఫోను పెట్టేసి పరిగెత్తు!"

"సరేనమ్మా, ఉంటాను!"

...

ఫోను పెట్టేసేటప్పుడు మనమందరం అనే మాటే. మీ అమ్మానాన్నలూ అంటారు. ఆలోచించి అనరు. నోటికి అలా వచ్చేస్తుంది.

బాదుడు ఆగిపోయింది.

లైను తెగలేదు. పిల్ల ఊపిరి వినిపిస్తోంది. నేల మీద కుర్చీ జరిగిన చప్పుడు... మెల్లగా... దగ్గరగా. ఆ తర్వాత ఒక ముసలి గొంతు. ఎంతో ప్రేమగా.

"ఉండమ్మా. ఉండు."

అప్పుడు తెగింది.

ఆ రాత్రి మా చెల్లెలు ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు. తెల్లారాక పిల్లే చేసింది. బయటికి వచ్చేశానంది. నవ్వింది కూడా. ఫోను ఆ కంగారులో ఎక్కడో పారేసుకున్నానని, ఇది కొత్త నంబరని చెప్పింది. పరీక్ష పాసైంది. సెలవులకి ఇంటికొచ్చింది. మనిషి చక్కగా ఉంది, కొంచెం ఒళ్ళు కూడా చేసింది. మా చెల్లెలు దిష్టి తీసింది.

వచ్చిన మర్నాడు నేను వెళ్ళేసరికి పిల్ల భోంచేస్తోంది. మా చెల్లెలు మారు వడ్డిస్తోంది. అప్పుడు ఫోను మోగింది. చూస్తే పిల్ల పాత నంబరు.

మా చెల్లెలు గరిటె గిన్నెలో పెట్టేసింది. ఫోను వైపు చూసింది, కూతురి వైపు చూసింది.

పిల్ల తలెత్తలేదు. ముద్ద కలుపుకుంటూ మెల్లగా అంది.

"ఎత్తకమ్మా. నాలుగు రోజులు పోతే తనకే అలవాటవుతుంది."

మోగి, మోగి... ఆగింది.

సరే, లేవండి. ఇళ్ళలో మీకోసం చూస్తుంటారు. వెళ్ళి అన్నాలు తినండి. చిన్నవాళ్ళ చేతులు పట్టుకోండి. ఊఁ... ఎవరూ గుమ్మం దగ్గర నిలబడి నాకేమీ చెప్పొద్దు. ఊరికే లేచి వెళ్ళండి.